ఖాళీ చెయ్యని ఫోను

సూరమ్మ రాయి గుట్టు బయటపడి నేటికి మూడు రోజులు.

పాతరేవు ఒడ్డు నుంచి గంట ప్రయాణం దూరంలో, నీళ్ల అడుగున ఉన్న ఆ రాతి గుట్ట తవిటయ్య ఇంటి సొత్తు. సొత్తంటే పట్టా ఉందని కాదు, సముద్రానికి పట్టాలెవరిస్తారు? తవిటయ్య తాత దాన్ని కనిపెట్టి పెళ్లాం పేరు పెట్టుకున్నాడు. మహేంద్రగిరి కొమ్ముకీ తాటితోపుకీ ఒక గీత, దీపస్తంభానికీ ఇసుక దిబ్బకీ ఇంకో గీత కళ్లతో గీసుకుంటే, ఆ రెండూ కలిసేచోట వల దించాలని కొడుకు చెవిలో చెప్పి పోయాడు. అలా చెవిలోంచి చెవిలోకి మూడు తరాలు దాటింది. నిరుడు తవిటయ్యకు చూపు మందగించి కొండ కొమ్ము మసకబారేసరికి, కోడలు మోహిని ఆ చోటుని ఫోను మ్యాపులో గుర్తు పెట్టింది. ఊరంతా తవిటయ్యని చూసి అసూయపడింది, చదువుకున్న కోడలు దొరికిందని.

మూడు రోజుల క్రితం తవిటయ్య, కొడుకు కామేశ్ అక్కడికి వెళ్లేసరికి అప్పటికే మూడు పడవలు వలలు దించి ఉన్నాయి. అందులో ఒకటి ఈదులరేవుది. మోహిని అన్న అవినాష్ పడవ.

ఒడ్డుకొచ్చాక తవిటయ్య అరవలేదు. ఇంజను మీద గోనెపట్టా కప్పుతూ, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పెద్దలు పడతారేమో సూద్దాం," అన్నాడు, అంతే. ఆ మాట అంటూ ఆయన ఎవరి వంకా చూడలేదు. చూడవలసిన పని ఊరు చేసింది. ఆ క్షణం నుంచి మోహిని వీధిలో నడిస్తే మాటలు ఆగిపోతున్నాయి. పుట్టింటికి గుట్టు మోసిన కోడలు! అవినాష్ ఫోను చూస్తే ఆ రోజు నుంచి స్విచ్చాఫ్. ఈ సాయంత్రం నాలుగింటికి పెద్దలు కూర్చుంటారు. గుట్టు ఎలా పోయిందో అప్పటికి తేలకపోతే మోహిని ఈదులరేవు బస్సెక్కాలి. రెండు రేవుల మధ్య పిల్లనిచ్చిపుచ్చుకోవడాలు కూడా ఆ పూటతో సరి.

ఇప్పుడు ఒంటిగంట దాటింది.

మోహిని కాలుగాలిన పిల్లిలా వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. కామేశ్ పొద్దున్నే ఇంజను సామాను కోసమని బండి మీద టెక్కలి వెళ్లాడు. వాళ్ల పడవ ఇసుకలోనే ఉంది, ఇంజను విప్పి, నోరు తెరుచుకుని. అత్త కాసులమ్మ చేపల బుట్ట ఖాళీగా బోర్లించి దాని మీదే కూర్చుంది. మామ అరుగు మీద వల చిరుగులు చూస్తున్నాడు గానీ, అరగంట నుంచి ఒకే చిరుగు చూస్తున్నాడు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, మోహిని పలాసలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది. జీడిపప్పు ఫ్యాక్టరీల గుమాస్తాలూ, డిగ్రీ పిల్లలూ ఆమె ముందు కూర్చుని నోట్సు రాసుకుంటారు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి, నలుగురికీ తెలిసిన పేరు పెట్టకండి, మీ ఖాతా ఎన్ని ఫోన్లలో తెరిచి ఉందో నెలకోసారైనా చూసుకోండి, పాత ఫోను ఎవరికిచ్చినా ముందు పూర్తిగా తుడిచేసి ఇవ్వండి అని గొంతు అరిగేలా చెబుతుంది. ఇక ఆవిడ ఇంట్లో, మ్యాపు గుర్తులన్నీ దాచే పడవ ఖాతాకి పాస్‌వర్డేమిటో తెలుసా? పడవ పేరు, దాని పక్కన పడవ నంబరు. రెండూ పడవ ముక్కు మీద ఎర్ర రంగుతో మూరెడు అక్షరాల్లో రాసే ఉన్నాయి. కాకులు కూడా చదువుకోవచ్చు. దీపం కింద చీకటంటే ఇదే.

ఆమె మాత్రం ఏం చేస్తుంది? పెళ్లయిన కొత్తలోనే మారుద్దామంది. తవిటయ్య ఒప్పుకోలేదు. "పడవ మీద దేనికీ తాళం ఉండకూడదు కోడలా. నీళ్ల డబ్బాకి తాళమెయ్యం, దీపానికి తాళమెయ్యం. తుపానులో నాను పడిపోతే ఫోను ఎవుడు తియ్యాల? ఎవుడికి అందితే ఆడు తియ్యాల," అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి మోహినికి నోరు రాలేదు. ఒకటి మాత్రం పట్టుబట్టి చేసింది. ఎవరైనా కొత్త ఫోనులో ఖాతా తెరవబోతే, పాస్‌వర్డు ఒక్కటే చాలకుండా, కామేశ్ ఫోనుకి వచ్చే అంకె కూడా కొట్టాలని రెండో గడియ పెట్టింది.

ఆ గడియే ఇప్పుడు ఆమెకు అడ్డమైంది. ఖాతా తెరిచి చూస్తే ఎవరెవరి దగ్గర ఉందో తేలిపోతుంది. రెండు రోజులుగా కామేశ్‌ని అంకె అడుగుతోంది. మొదటి రోజు సిగ్నలు లేదన్నాడు. నిన్న తలనొప్పి అన్నాడు. పోనీ పాస్‌వర్డు మార్చేద్దామంటే, "ఇప్పుడు మారిస్తే ఏదో దాసినావనుకుంతారు, ఊరుకో," అన్నాడు. నిజమే కదా, తన మంచికే చెబుతున్నాడనుకుంది పిచ్చిది.

తిరుగుతున్నదల్లా ఉన్నట్టుండి ఆగిపోయింది. అదనపు అంకెలు!

రెండో గడియ పెట్టిన రోజున ఖాతా పది అంకెల వరసలు ఇచ్చింది, ఫోను పోయినా తెరుచుకోవడానికి. వాటిని కాగితం మీద రాసి దాచుకోమని క్లాసులో చెబుతుంది, చెప్పినట్టే తానూ రాసింది. పాఠాల్లో పాటించినది అదొక్కటే కాబోలు. ట్రంకుపెట్టె తెరిచి పెళ్లిచీర మడతలన్నీ విదిలించింది. కాగితం కింద పడింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి ఖాతా తెరుచుకుంది.

పడవ ఖాతా ఏయే ఫోన్లలో ఉందో వరసగా కనబడింది. ఇప్పుడే తెరిచిన తన ఫోను. కామేశ్ ఫోను. వాటి కింద ఇంకొకటి. ఆ పేరు తానే పెట్టింది: పాత బోటు ఫోను. దాని పక్కన, నాలుగు నిమిషాల క్రితం వాడారని ఉంది.

మోహిని ఫోను పట్టుకుని బయటికొచ్చింది.

"మావా," అంది. "గుట్టు ఎక్కడ జారిందో దొరికినాది."

తవిటయ్య వల వదిలేశాడు. కాసులమ్మ లేచి నిలబడింది.

"మన పాత ఫోను ఉంది గదా, దాలయ్య మావకి ఇచ్చినాం. అందులో మన ఖాతా అలాగే ఉండిపోయినాది. మనం పెట్టిన గుర్తులన్నీ ఆ ఫోనులో కనపడతన్నాయి. సూరమ్మ రాయి కూడా."

దాలయ్య తవిటయ్య పడవలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. ఉద్దానంలో ఎందరికో వచ్చిన జబ్బే అతనికీ వచ్చింది. మూత్రపిండాలు చెడి, వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవలసి వచ్చేసరికి ఏడు నెలల క్రితం పడవ దిగిపోయాడు. పడవ దిగే మనిషికి ఆ పడవ మీద వాడిన వస్తువొకటి ఇచ్చి పంపడం పాతరేవు ఆచారం. ఆసుపత్రి నుంచి పిలుపొస్తే అందుకోవడానికి పనికొస్తుందని పాత బోటు ఫోను ఇచ్చారు.

"దాలిగాడా?" అన్నాడు తవిటయ్య. "పన్నెండేళ్లు నా ఉప్పు తిన్నాడు. ఆడి పెళ్లాం పోతే నానే కట్టెలు మోసినాను. ఆడా?"

"ఆయనే సేసినాడని నాననట్లేదు మావా. ఆ ఫోను లోంచి పోనాదంతన్నాను."

"ఫోను ఆడిదైతే సేసింది ఆడు కాక ఎవుడు? మరి నువ్వేటి సేత్తన్నావు అప్పుడు? ఊరందరికీ పాఠాలు సెప్తావు గదా. తుడిసి ఇవ్వాలని తెలీదా?"

ఆ ప్రశ్న కోసమే మూడు రోజులుగా ఎదురుచూస్తున్నట్టు మోహిని తలెత్తింది. కానీ ఆమె చూపు మామ మీదికి వెళ్లలేదు, అత్త మీదికి వెళ్లింది. జవాబు ఆవిడ దగ్గర ఉంది. చెబుతుందో లేదో తెలీదు. అత్తకి ఎదురు చెప్పి గెలిచిన కోడలి మాట ఈ అరుగు మీద ఎంత చెల్లుతుందో మోహినికి బాగా తెలుసు. అందుకే నోరు మూసుకుంది.

కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"దాన్నేటి అడుగుతావు? నన్నడుగు," అంది మొగుడితో. "అది తుడిసీసి ఇద్దామంది. నానే వద్దన్నాను."

"నువ్వా?"

"నానే. గిన్నె తిరిగిచ్చినా ఖాళీగా ఇవ్వం గదా, గుప్పెడు బియ్యమైనా ఏసి ఇత్తాం. పడవ దిగిపోతన్న మనిషికి ఉన్నదంతా ఊడ్సీసి ఉత్త డబ్బా ఇత్తే, ఆ ఖాళీ మన పడవకే తగులుద్దన్నాను. అందులో ఆడు తీసుకున్న పెళ్లాం బొమ్మలున్నాయి. అది పాడిన పాటలున్నాయి. అయ్యి కూడా తుడిసీమంటావేటి అని దీని మీద కేకలేసినాను. అప్పుడది ఊరుకుంది."

చెప్పేసి, మళ్లీ బుట్ట మీద కూలబడింది. అరవై ఏళ్ల మనిషి, మొగుడి ముందు కోడలి వైపు నిలబడి మాట్లాడటం ఆవిడకి బహుశా ఇదే మొదలు. మోహినికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా తప్పు తనది కాకుండా పోలేదని ఆమెకి తెలుసు. ఆ బొమ్మలూ పాటలూ వేరే తీసి, ఫోను తుడిచి, మళ్లీ అవే ఎక్కించి ఇవ్వచ్చు. అప్పుడు ఖాళీగానూ ఉండదు, గుట్టూ ఉండదు. గంట పని. అత్త కేకలకి రోషం వచ్చి, మ్యాపు ఒక్కటీ తీసేసి చాలనుకుంది. తీసేసిన మ్యాపుని మళ్లీ పెట్టుకోవడం ఎంతసేపు? తాళంచెవి బీరువాకే వదిలేసి తలుపు మీద బొమ్మ చెరిపినట్టయింది.

"సరే," అన్నాడు తవిటయ్య లేస్తూ. "ఆడినే అడుగుతాను."

అడగడానికి వెళ్లక్కర్లేకపోయింది. నాలుగింటి సభకి దాలయ్య ముందుగానే బయలుదేరి వస్తున్నాడు. అదేరోజు పలాసలో రక్తశుద్ధి అయింది కాబోలు, మోచేతికి కట్టుంది, మనిషి ఆరేసిన చేపలా ఉన్నాడు. అరుగు దాకా వచ్చి ఆయాసపడుతూ స్తంభం పట్టుకున్నాడు.

"కూకో," అన్నాడు తవిటయ్య. కోపంలో కూడా ఆ మాట ముందు వచ్చింది. "నానిచ్చిన ఫోనేది?"

దాలయ్య కూర్చోలేదు. "నా కాడ నేదన్నా."

"అమ్మీసినావా?"

"అమ్ముకోడానికి నానంత గతిలేనోడినేటి? మీరిచ్చిన వారం తిరక్కముందే ఎనక్కి పట్టుకుపోనారు గదా. బ్యాంకు మెసేజులేవో అందులో వత్తన్నాయని సెప్పి. నా పెళ్లాం బొమ్మలు మాత్రం చిన్న చిప్పులో ఏసి ఇచ్చినారు. నీకు తెలుసుననుకున్నాను."

"ఎవులు పట్టుకుపోనారు?"

దాలయ్య మోహిని వంక చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకుని, తడారిన పెదాలు నాలుకతో తడుపుకున్నాడు.

"నన్నడగొద్దన్నా. ఆ పేరు పెద్దల ముందు నా నోట రానీకు. ఈ ఇంటి అన్నం తిన్నోణ్ని."

ఇక ఎవరి నోటా వినవలసిన పని లేదు. ఫోను ఎక్కడుందో ఖాతాయే చూపిస్తుంది. మోహిని ఆ మీట నొక్కింది. మ్యాపు మెల్లగా తెరుచుకుంటోంది. సిగ్నలు సన్నగా ఉంది. ముందు నీలం రంగు పరుచుకుంది, తర్వాత పక్కగా ఒడ్డు గీత, ఆ తర్వాత నీలం మధ్యలో ఒక చుక్క. పాత బోటు ఫోను సముద్రం మీద ఉంది. సూరమ్మ రాయి గుర్తుకి వేలెడు దూరంలో ఉంది.

తవిటయ్య ఆమె భుజం మీంచి వంగాడు. ఆయనకి అక్షరాలు రావు. నీలం ఏదో, ఒడ్డు ఏదో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

"అదిగో," అన్నాడు. "నా రాయి మీదే ఉన్నాడు నంజికొడుకు. తీసీ కోడలా. ఆడి ఫోన్లోంచి మన ఖాతా పీకీ."

ఒక్క మీట. నొక్కితే ఆ ఫోనులో గుర్తులన్నీ పోతాయి. మోహిని బొటనవేలు దాని మీదికి వెళ్లింది, ఆగింది. చుక్క ఒక్కటి కాదు. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒక్కటిలా కనిపిస్తున్నాయి. రెండు వేళ్లతో మ్యాపుని పెద్దది చేసింది. చుక్కలు కొంచెం విడివడ్డాయి. ఒక పడవలో ఇద్దరు కూర్చునేంత ఎడం.

రెండో చుక్క పక్కన పేరు ఉంది. అదీ తానే పెట్టింది, పెళ్లయిన కొత్తలో, సిగ్గుపడుతూ.

కామేశ్ ఫోను.

టెక్కలి వెళ్లిన మనిషి. ఇసుకలో పడవ వదిలేసి, ఇంకొకరి పడవెక్కి, తన తండ్రి రాయి మీద కూర్చున్న మనిషి. మూడు రోజులుగా పక్కనే పడుకుని, ఆమె ఏడుస్తుంటే గోడవైపు తిరిగిన మనిషి. సిగ్నలు లేదు, తలనొప్పి, ఊరుకో. ఆ ముక్కలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ వచ్చి గుచ్చుకున్నాయి. మోహినికి ముందు కోపం రాలేదు. సిగ్గేసింది, నమ్మినందుకు.

"ఆ రెండోది ఎవుడిది?" అడిగాడు తవిటయ్య.

చెబితే మోహిని పేరు నిలబడుతుంది, ఈ ఇల్లు కూలుతుంది. చెప్పకుండా రెండు ఫోన్లనీ ఖాతాలోంచి పీకేస్తే చుక్కలు మాయమవుతాయి, ఎవరికీ ఏమీ తెలియదు, నాలుగింటికి తాను బస్సెక్కుతుంది, అన్న మీద దొంగ అనే ముద్ర పడుతుంది. అన్న మాత్రం ఎవరు రమ్మంటే అక్కడికి వెళ్లాడో ఎవరికి తెలుసు? దాలయ్య కళ్లు మూసుకున్నాడు. కాసులమ్మ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తోంది.

అప్పుడు ఆమె చేతిలో ఫోను మోగింది.

కామేశ్.

ఎందుకు చేశాడో ఆమెకి తెలుసు. ఖాతా కొత్త ఫోనులో తెరిస్తే, ఎవరో తెరిచారని ముందు నుంచీ అందులో ఉన్న ఫోన్లకి హెచ్చరిక వెళుతుంది. ఆ ఏర్పాటు చేసింది కూడా తానే. మూడు మోతలు మోగాయి. ఈ ఫోను లోపలికి తీసుకెళ్లి, తలుపు వేసుకుని, మెల్లగా మాట్లాడవచ్చు. ఎందుకిలా చేశావని అడగవచ్చు. మొగుడు, ఏదో కారణం ఉంటుంది. వింటే జాలి కూడా వేయవచ్చు. ఒక అడుగు గుమ్మం వైపు వేసింది కూడా.

తన పుట్టింటి పేరు ఈ అరుగు మీద మూడు రోజులుగా నలుగుతోంది. అప్పుడు ఎవరూ తలుపు వేసుకుని మాట్లాడలేదు.

వెనక్కి వచ్చి, ఫోను మామ ముందు అరుగు మీద పెట్టి, అందరికీ వినిపించే మీట నొక్కింది.

"మోహినీ, ఏటి సేత్తన్నావు?" కామేశ్ గొంతు ఆయాసంగా ఉంది. "నా ఫోనుకేదో మెసేజొచ్చినాది. ఖాతా ఎవరో తెరిసినారంట. నువ్వేనా?"

"నానే. నువ్వెక్కడున్నావు బావా?"

"టెక్కలిలోనే. షాపులో. సామాను ఇంకా దొరకనేదు. ఇనుకో, ఆ ఖాతా మూసీ. మూసీసి పొరపాటున మీ అన్నకి సెప్పీసినానని పెద్దల ముందు ఒప్పీసుకో. తిడతారు, అంతే. రెండు నెలలు మీ ఊర్లో ఉండు, నానొచ్చి తీసుకొత్తాను. ఇనపడతందా?"

వినపడుతూనే ఉంది. అతని మాటల వెనక చప్ చప్ మని ఒక శబ్దం, ఆగి ఆగి వస్తోంది. మోహినికి అది షాపులో పంకా చప్పుడులా ఉందనిపించేదేమో, చుక్కలు చూడకపోయి ఉంటే. కాసులమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. యాభై ఏళ్లు పడవ మీద గడిపిన తవిటయ్యకి మాత్రం ఏ మ్యాపూ అక్కర్లేదు. ఇంజను ఆపిన పడవ పక్కకి కెరటం కొట్టే చప్పుడు ఆయన నిద్రలో కూడా గుర్తుపడతాడు.

ఆయన మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. ఫోను మీదికి వంగి, చిన్నప్పుడు కొడుకుని నిద్రలేపినంత మెత్తగా అడిగాడు.

"ఒరే కామేశూ, నీ కింద నీళ్లెంత లోతున్నాయిరా?"